అడిగింది పెట్టండి

"ఇందులో ఇంత పచ్చడి వేస్తే నీ సొమ్మేం పోద్దే?" అన్నాడు మార్కు, పెరుగన్నం కంచాన్ని వేలితో అవతలికి నెడుతూ.

"కారం తింటే పుండు రేగుతుంది నాన్నా."

"రవ్వంత."

"రవ్వంత కూడా వద్దు. తిను."

మార్కు మొహం చిట్లించాడు. పెరుగుని తిట్టాడు, పెరుగు అమ్మినవాణ్ణి తిట్టాడు, చివరికి కంచం దగ్గరికి లాక్కున్నాడు. అన్నాన్ని మెత్తగా పిసికి, పాలు కూడా పోసి, చెంచా పెడితే జారిపోయేంత పలచగా చేసింది శాంతి. ఒక్కో గుటకా మింగాక ఆయన కళ్ళు మూసుకుని ఆగుతున్నాడు. లోపల అది ఎక్కడిదాకా దిగిందో వింటున్నట్టు ఉంది ఆ మొహం.

వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల శాంతి తల్లి వీరమ్మ గోడవైపు తిరిగి తింటోంది.

"ఏమే వీరమ్మా, గోంగూరేనా?" కేకేశాడు మార్కు.

"మజ్జిగన్నం."

"మజ్జిగన్నానికి ముక్కు కారుద్దా? నువ్వు ఎగపీల్చేది ఇక్కడికి వినపడతంది."

లోపల చప్పుడు ఆగిపోయింది. మార్కు కూతురి వంక చూసి కన్ను గీటి నవ్వాడు. ఆ నవ్వుకి దవడ ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి.

బతుకంతా కల్లాల్లో గడిపిన మనిషి. మిరపకాయలు ఎండబోయించడం, ఆడమనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తెల్లబారిన తాలుకాయ ఏరించడం, మంచి కాయని గోతాల్లో తొక్కించి గుంటూరు యార్డుకి లారీ ఎక్కించడం ఆయన పని. మధ్యాహ్నం అన్నంలోకి కూర లేకపోయినా పర్వాలేదు, పండుమిరప పచ్చడి ఉండాలి. అలాంటి మనిషి వైద్యం కోసం గుంటూరులో కూతురి ఇంటికి వచ్చింది మొదలు కారం ముట్టలేదు. "అల్సర్ నాన్నా, కడుపులో పుండు, కారం మానేస్తే అదే మానుద్ది" అని ఆస్పత్రి వరండాలో చెప్పింది కొడుకు ఫిలిప్. క్యాన్సర్ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. చెప్పిన అబద్ధం నిలబడాలంటే పథ్యం నిలబడాలి. పథ్యం బాధ్యత శాంతిది.

ఆ మర్నాడు స్కానింగు రిపోర్టు చూపించడానికి వెళ్ళారు.

"మీరు బయట కూర్చోండి తాతగారూ, మీ అమ్మాయి వస్తే చాలు" అంది నర్సు.

"కడుపు నాది, కబుర్లు దాంతోనా?" అన్నాడు మార్కు. నర్సు నవ్వి తలుపేసింది.

డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. ఆమె మాట్లాడేటప్పుడు తొందరపడదు, తడుముకోదు. శాంతికి ఆమెలో నచ్చేది అదే.

"లివర్లో మచ్చలు పెరిగాయమ్మా. పొట్టలో నీరు కూడా చేరుతోంది. ఇప్పుడిస్తున్న మందు పనిచెయ్యట్లేదు."

"ఇంకో మందు ఉంటుందా అండీ?"

"ఉంది. కానీ తట్టుకునే ఓపిక ఆయన ఒంట్లో లేదు. నోరంతా పొక్కుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. అంతా పడ్డాక కొన్ని వారాలు కలిసిరావచ్చు, రాకపోవచ్చు. జబ్బు మాత్రం తగ్గదు." ఫిల్మును కవర్లో పెట్టింది. "మా నాన్నగారైతే నేను ఇవ్వను. నొప్పి తెలియకుండా మాత్రలు రాస్తాను. ఇంట్లోనే ప్రశాంతంగా ఉండనివ్వండి. ఏం అడిగితే అది పెట్టండి."

"కారం కూడానా?"

డాక్టరమ్మ తలెత్తింది. "కారం ఎందుకు మాన్పించారు?"

"అల్సర్ అని చెప్పాం కదండీ ఆయనకి."

"మెత్తగా పెట్టమన్నాం. అసలు కారమే వద్దని మేం ఎప్పుడూ అనలేదే."

శాంతి ఒళ్ళో ఉన్న చేతిసంచీ వంక చూసుకుంది. అందులో తడిగుడ్డ చుట్టిన పెరుగన్నం డబ్బా ఉంది, ఆలస్యమైతే అక్కడే పెడదామని తెచ్చింది.

"ఇప్పుడైనా ఉన్నమాట చెప్పడం మంచిది" అంది డాక్టరమ్మ. "మీకు కష్టమైతే లోపలికి పిలవండి, నేను చెబుతాను."

"వద్దండీ" అంది శాంతి. ఆ మాట ఆలోచన కంటే ముందే వచ్చేసింది.

మార్కు మంచినీళ్ళ డబ్బా పక్కన బెంచీ మీద, రెండు మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఫొటో తీయించుకోవడానికి కూర్చున్నట్టు.

"ఏమందీ?"

"మానుతోందంట నాన్నా. ఇంక సెలైన్లు అక్కర్లేదంది."

"అక్కర్లేదందా?"

"ఊఁ. మాత్రలిచ్చింది."

మార్కు కూతురి మొహంకేసి చూశాడు. తర్వాత తలుపుకేసి చూశాడు. లేవడానికి చెయ్యి అందించాడు.

ఆటో మిర్చియార్డు రోడ్డు ఎక్కగానే ఘాటు తగిలింది. మిరపకాయ టిక్కీ బస్తాలు ఎత్తుకున్న లారీలు వరసగా ఆగి ఉన్నాయి. శాంతికి దగ్గు తెర వచ్చింది, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మార్కు మాత్రం ఆటోలోంచి తల బయటికి పెట్టి, ఆ గాలి పీల్చాడు.

"తేజా కాయ" అన్నాడు, ఘాటుని బట్టే రకం పోల్చి. ఆ రోడ్డు దాటేదాకా తల లోపలికి తీసుకోలేదు.

ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చోగానే మామూలుగా అడిగాడు. "ఇంత పచ్చడి వెయ్యవే."

ఇంట్లో పచ్చడి లేదు. వీరమ్మ తినే గోంగూర కూడా నిన్నటితో అయిపోయింది. "రేపు చూద్దాంలే నాన్నా" అంది శాంతి.

మార్కు చెయ్యి కంచంలోనే ఆగింది. అన్నం గట్టిగా ఉందేమోనని శాంతి ఇంకాసిని పాలు పోసింది.

ఫిలిప్‌కి డాబా మీదినుంచి ఫోన్ చేసింది. అతను చీమకుర్తిలో గ్రానైటు యూనిట్‌లో సూపర్‌వైజరు. రాయి కోసే మిషను మోతలో అరిచి మాట్లాడతాడు, మోత లేనిచోటికి వచ్చాక కూడా అరుస్తూనే ఉంటాడు.

"ఆపేద్దామంటావేందే? మందు ఉందంటన్నావు, ఆపేద్దామంటన్నావు!"

"ఉంది. దాంతో తగ్గదు అన్నయ్యా. హింస తప్ప ఏం లేదు. డాక్టరమ్మ వాళ్ళ నాన్నకైతే ఇవ్వనంది."

"ఆమెకేం, వంద చెబుతుంది. రేపు మందిరంలో నలుగురూ నన్నడుగుతారు. కొడుకై ఉండి చూస్తా ఊరుకున్నాడంటారు."

"అనేవాళ్ళు వచ్చి నాలుగు రోజులు ఆయన పక్కన పడుకోమను. కక్కుకున్నది ఎత్తిపోస్తే తెలుస్తుంది."

అవతల మిషను మోత మాత్రం వినిపించింది.

"ఆయన కడుపునిండా ఒక్క పూట ఇష్టమైంది తిని ఎన్నాళ్ళైంది? ఉన్న నాలుగు రోజులూ సుఖంగా ఉండనిద్దాం. సూదులూ పైపులూ వద్దు. నేను చూసుకుంటాను. నువ్వు ఊఁ అను చాలు."

"చదువుకున్నదానివి. నీకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి" అన్నాడు ఫిలిప్ చివరికి. మళ్ళీ, "ఏడుస్తన్నాడా?" అని అడిగాడు.

"ఎవరు?"

"నాన్న."

"ఆయనకేం తెలుసని ఏడవడానికి?"

మెట్లు దిగుతుంటే శాంతికి ఒళ్ళు తేలికపడింది. నెలల తర్వాత సరైన పని ఒకటి, తను ఒక్కతే గట్టిగా నిలబడి చేసినట్టనిపించింది.

మర్నాడు పొద్దున్నే బజారుకి వెళ్ళి పండుమిరపకాయలు తెచ్చింది. ముదురు ఎరుపువి, మెరుపున్నవి, తొడిమ పచ్చగా ఉన్నవి ఏరుకుంది. తొడిమలతోనే కడిగింది. ముందే తొడిమ తీస్తే కాయలోకి నీళ్ళు పోతాయి, పచ్చడి బూజు పడుతుంది. పాత పంచె పరిచి, కాయలన్నీ ఒక్కొక్కటిగా తుడిచి, వెనక గదిలో ఫ్యాను కింద ఆరబెట్టింది. వీరమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"ఎవరికే ఇన్ని?"

"నాన్నకే. తినొచ్చంది డాక్టరు."

వీరమ్మ ఆ మాటని కాసేపు నమలకుండా నోట్లో పెట్టుకున్నట్టు కూర్చుంది. తర్వాత ఒక కాయ తీసి తొడిమ విరిచింది. "ఇన్నాళ్ళూ దొంగదానిలాగా తిన్నాను" అంది. "ఆయన ఎదురుగా కూర్చుని తిని ఎన్నాళ్ళైందో." విరిచిన తొడిమలు ఒళ్ళో పోగవుతుంటే కళ్ళు తుడుచుకోబోయి, చేతికి కారం ఉందని గుర్తొచ్చి, భుజానికి రుద్దుకుంది.

కింద వాటాలో నసీమున్నీసా గారికి రోలుంది. మిక్సీలో వేస్తే పచ్చడి వేడెక్కి రుచి మారుతుందని శాంతి గిన్నె పట్టుకుని కిందికి దిగింది. కల్లుప్పు, పసుపు, గింజ తీసిన కొత్త చింతపండు. నసీమున్నీసా రోకలి అందుకుంది. శాంతి ఎగిరిపడే కాయల్ని అరచేత్తో రోట్లోకి తోస్తూ కూర్చుంది.

"ఇంత కారం మీ ఆయన తింటారా?" అంది నసీమున్నీసా దంచుతూ.

"మా నాన్నకండీ."

"పథ్యం అన్నారుగా?"

"ఇంక అక్కర్లేదన్నారు. ఏం అడిగితే అది పెట్టమన్నారు."

రోకలి గాల్లోనే ఆగింది. నసీమున్నీసా దాన్ని మెల్లగా రోటి అంచుకి ఆనించింది.

"అట్లా అన్నారా" అంది.

"ఊఁ."

"ఆయన విన్నారా, ఆ మాట?"

"లేదు, బయట కూర్చున్నారు."

నసీమున్నీసా రోకలి మళ్ళీ ఎత్తింది. దంచడం మొదలుపెట్టింది కానీ ఆ తర్వాత ఉప్పు సరిపోయిందా అని కూడా అడగలేదు. ఆమె కంట్లో కారం పడిందేమో, కళ్ళు ఎర్రగా ఉన్నాయనుకుంది శాంతి.

శాంతి చేతులు ఆ రాత్రంతా మండాయి. కొబ్బరినూనె రాసినా, పెరుగు రాసినా లాభం లేకపోయింది. పండుమిరప తొక్కు అప్పటికప్పుడు తినేది కాదు. జాడీలో అణిచిపెట్టి, చింతపండు నాని ఉప్పు ఊరాక, మూడోనాడు తిరగదోడి మెత్తగా నూరాలి. అప్పుడు పోపు పెట్టాలి. ఆ రోజుల్లో మార్కు పచ్చడి అడగలేదు. ఇడ్లీ దగ్గరా అడగలేదు, అన్నం దగ్గరా అడగలేదు. పెట్టింది పెట్టినట్టు తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. కొత్త మాత్రల మత్తు అనుకుంది శాంతి. నొప్పి లేకపోబట్టే గొడవ చెయ్యట్లేదని భర్తకి కూడా చెప్పింది. అతను రైల్వేలో ఉద్యోగి, డ్యూటీకి వెళ్ళబోతూ మామగారి గదిలోకి తొంగి చూసి, "నిద్రపోవట్లేదు శాంతీ, కళ్ళు తెరిచే ఉన్నాయి" అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యి వచ్చాక పోపు పెట్టింది. నూనె కాగాక ఆవాలు, మెంతులు, చితకొట్టిన వెల్లుల్లి. ఎన్నాళ్ళ తర్వాతో వంటింటి తలుపు బార్లా తీసి పెట్టింది, వాసన ముందుగదిలోకి వెళ్ళాలని. అన్నం వేడివేడిగా వడ్డించింది. మెత్తగా పిసకలేదు. పక్కన పచ్చడి, మధ్యలో గుంట చేసి నెయ్యి. కంచం తెచ్చి ముందుపెట్టి, ఎదురుగా నేలమీద కూర్చుంది. వీరమ్మ తన కంచం కూడా తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఇద్దరూ ఆయన మొహంకేసి చూస్తున్నారు.

మార్కు కంచంకేసి చూశాడు.

"ఎవురు పెట్టమన్నారు?"

"డాక్టరమ్మే నాన్నా. పుండు మానిందిగా."

ఆయన చూపుడువేలు పచ్చడికి ఆనించాడు. వేలికొసన అంటిన ఎరుపుని బొటనవేలితో నలిపి చూశాడు. నోట్లో పెట్టుకోలేదు.

"మా అన్న ఏసుపాదానికి ఆస్పత్రోళ్ళు ఇట్టాగే చెప్పారు" అన్నాడు. "ఇంటికి తీసుకుపోండి, ఏం అడిగితే అది పెట్టండి అని. మా వదిన కోడిని కోసింది. నేనే పట్టుకున్నా కోడిని. కంచంలో పెట్టి, మేవంతా చుట్టూ కూర్చుని, ఇట్టాగే, మీ మాదిరే ఆయన మొహంకేసి చూశాం. ఆయన తిన్నాడు పాపం. బాగుందిరా అన్నాడు."

వీరమ్మ చేతిలో ముద్ద కంచంలోకి జారింది.

"నాన్నా, అది వేరు..."

"రోజూ పచ్చడి ఎందుకడుగుతున్నాననుకున్నావే?"

శాంతి తలెత్తి ఆయనకేసి చూసింది.

"నువ్వు వద్దన్నప్పుడల్లా ధైర్యంగా ఉండేది. ఇంకా వద్దంటంది గదా, ఇంకా ఏదో చేస్తన్నారు గదా అని. మొన్న రేపు చూద్దాం అన్నావ్. ఇంక అడగలా." వేలికి అంటిన పచ్చడిని కంచం అంచుకి తుడిచాడు. "తీసెయ్. పెరుగన్నం తీసుకురా."

వీరమ్మ ఏడుపు అందుకుంది.

"ఏడవమాక. ఇంకా పోలా నేను" అని కసిరి, కూతురివైపు తిరిగాడు. "ఆ డాక్టరమ్మ కాడ ఇంకో మందుందా, లేదా?"

అబద్ధం చెప్పాలనుకుంది శాంతి. ఆయన చూపు ఆమె మొహంమీదినుంచి కదల్లేదు.

"ఉంది."

"మరి?"

"నేనే వద్దన్నా."

"ఎవుర్నడిగి?"

"నువ్వు తట్టుకోలేవు నాన్నా. నోరంతా పొక్కుద్దంట. మంచినీళ్ళు కూడా మింగలేవంట."

"ఎవుర్నడిగి వద్దన్నావే?"

గొంతు పెద్దది చెయ్యలేదు ఆయన. కల్లంలో తాలుకాయ మంచి కాయలో కలిపేసిన మనిషిని అడిగినట్టు అడిగాడు, ఏం జరిగిందో తెలుసుకోవడానికి.

"అన్నయ్యని అడిగాను" అంది శాంతి. అన్నాక ఆ మాట తనకే వినిపించింది.

"ఆ మందుతో మానదు నాన్నా" అంది మళ్ళీ. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. "కొన్ని వారాలు కలిసొస్తే కలిసొస్తాయంట. లేకపోతే అదీ లేదు. ఊరికే హింస."

"ఆ వారాలు ఎవురియ్యి?"

శాంతి తలవంచుకుంది.

"నాయ్యా, నీయ్యా?"

"నీవే నాన్నా."

"అయితే నాకు కావాల." కంచాన్ని అరచేత్తో దూరంగా తోశాడు. నెయ్యి కరిగి పచ్చడిలోకి పారింది. "పుండో, ఇంకోటో, దాని పేరు నాకు చెప్పబాకండి. మందు మాత్రం పెట్టించండి. ఫిలిప్‌కి ఫోన్ చెయ్యి."

ఫిలిప్ ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చేశాడు. గ్రానైటు దుమ్ము జుట్టులోంచి ఇంకా పోలేదు. లోపలికి వస్తూనే, "నేను చెప్పానా, చెప్పలేదా?" అన్నాడు చెల్లెలితో. "పెద్ద చదువుకున్నదానివని ఊరుకున్నా. బతుకుతానని మనిషి మొత్తుకుంటంటే పచ్చడి నూరి పెడతావా?"

శాంతి అతనికి అన్నం పెట్టింది. ఇంట్లో కూర లేదు. ఫిలిప్ పచ్చడి కలుపుకుని పెద్దపెద్ద ముద్దలు తిన్నాడు. చెమటలు కారుతుంటే భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "అబ్బ, ఏం కుదిరిందే!" అన్నాడు నోరు ఊదుకుంటూ. అని, తండ్రి చూస్తున్నాడని గుర్తొచ్చి ఆగిపోయాడు.

"తినరా" అన్నాడు మార్కు మంచం మీదినుంచి. "అమ్మాయ్, వాడికింకొంచెం వెయ్యి."

డాక్టరమ్మ ఈసారి మార్కుని లోపలికి పిలిచింది. ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్క మాట కూడా దాచకుండా, అన్నీ చెప్పింది. మార్కు మధ్యలో ఒక్కసారి మాత్రం కిటికీవైపు చూశాడు.

"తెలిసే అడుగుతున్నారా తాతగారూ?"

"తెలిసేనమ్మా."

ఆమె శాంతి వంక చూసింది. డాక్టరమ్మ మోతాదు తగ్గించి రాసింది.

నర్సుకి నరం దొరకలేదు. కుడిచెయ్యి అయ్యాక ఎడమచెయ్యి, మోచెయ్యి అయ్యాక మణికట్టు. పొడిచినచోటల్లా నీలంగా కమిలింది. శాంతి ఆ చెయ్యి పట్టుకుని నిలబడింది. మార్కు పంటి బిగువున ఓర్చుకుని, సీసా వేలాడే కొక్కెంకేసి చూస్తున్నాడు. మొదటి చుక్క జారడం కనిపించాక తల వెనక్కి ఆనించి, పెద్ద బరువు దించినట్టు ఊపిరి వదిలాడు. ఫిలిప్ తండ్రి కాళ్ళ దగ్గర నిలబడి ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. "ఆఁ, ఎక్కిస్తన్నారు. మన ప్రయత్నం మనం మానకూడదు గదా."

మర్నాడు అతను చీమకుర్తి వెళ్ళిపోయాడు. పచ్చడి జాడీ పాతగుడ్డలో మూటకట్టి ఇచ్చింది వీరమ్మ.

నోరు పొక్కడం పెదాల దగ్గర మొదలైంది. తర్వాత బుగ్గల లోపల, నాలుక కింద, గొంతులోకి. డాక్టరమ్మ చెప్పినదాంట్లో ఏదీ తప్పిపోలేదు. శాంతి ఉప్పునీళ్ళలో దూది ముంచి, వేలికి చుట్టి, నోరు శుభ్రం చేసేది. దూది వెంట చర్మం పొరలు వచ్చేవి. పెరుగన్నం మాట అటుంచి, చల్లటి పాలు చెంచాతో పోసినా పెదవి తగలగానే ఆయన కాళ్ళు మంచానికేసి కొట్టుకునేవి. పక్కగుడ్డలు రోజుకి ఎన్నిసార్లు మార్చిందో లెక్కపెట్టడం మానేసింది. ఒక మధ్యాహ్నం గుడ్డలు ఉతుకుతూ ఉతుకుతూ వీరమ్మ, "దేవా, తీసుకుపో" అంది. పక్కనే శాంతి విననట్టు ఆరేస్తూనే ఉంది. అదే మాట తన లోపలా ఉందని తల్లికి చెప్పలేదు.

మాట పోయింది మార్కుకి. నాలుక కదిలితే నోరు పగిలి నెత్తురొచ్చేది. కావాల్సింది చేత్తో చూపించేవాడు. రెండో సెలైన్ ఎప్పుడని గోడమీది క్యాలెండరు చూపించి అడిగేవాడు. శాంతి వేలు పెట్టి చూపిస్తే, ఆ గడినే చూస్తూ పడుకునేవాడు.

ఇప్పుడు అడగడం శాంతి వంతైంది. పొద్దున నోరు కడిగాక ఒకసారి, మధ్యాహ్నం మాత్ర పొడి చేసి నీళ్ళలో కలిపి పోశాక ఒకసారి అడిగేది. "నాన్నా, ఇంక ఆపేద్దామా? నీకిష్టమైతేనే. నువ్వు ఊఁ అంటేనే." ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఒక్కోసారి కళ్ళు మూసుకుని ఊపేవాడు, ఒక్కోసారి ఆమె చెయ్యి విదిలించి కొట్టి మరీ ఊపేవాడు. అయినా ఆమె అడగడం మానలేదు. అడగని పూట తనే ఏదో నిర్ణయించేసినట్టు ఉండేది.

సెలైన్ రోజు తెల్లవారింది. ఆయన్ని లేపి, గోడకి దిండు ఆనించి కూర్చోబెట్టింది. ఉతికిన చొక్కా తొడిగింది. చొక్కాలో ఆయన ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చింది. కడుపు మాత్రం ఉబ్బి గుండీలు పట్టలేదు, పైన రెండూ పెట్టి కింద వదిలేసింది. వీరమ్మ వాకిట్లో నిలబడి రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. ఏం కోరి ప్రార్థిస్తోందో శాంతి అడగలేదు.

"నాన్నా" అంది, ఆయన ముందు నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని. "ఇవాళ మానేద్దామా? ఆటో వెనక్కి పంపించేస్తాను. ఎవరూ ఏమీ అనరు. అన్నయ్యకి నేను చెప్పుకుంటాను."

మార్కు ఆమెకేసి చూశాడు. పెదాల మీద ఎండిన నెత్తురు పెళ్ళ కట్టి ఉంది. ఏదో అందామని నోరు తెరవబోయాడు, తెరవలేక ఆపాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నొప్పికో, మాటకో తెలియలేదు. శాంతి ఎదురుచూసింది. ఈసారి తల అడ్డంగా ఊపలేదు.

"మానేద్దామా?" అంది మళ్ళీ, మెల్లగా.

మార్కు రెండు చేతులూ మంచం పట్టెమీద ఆనించి, ఒక కాలు నేల మీదికి దింపాడు. తర్వాత రెండోది. కుడిపాదం ముందుకి జరిపి, గోడవార ఉన్న చెప్పుల కోసం తడుముతున్నాడు.

కింద ఆటో హారన్ కొట్టింది.

శాంతి చెప్పులు దగ్గరికి లాగింది. పాదం నీరు పట్టి ఉంది, పట్టీలో దూరలేదు. బకిల్ తీసి చివరి కన్నందాకా వదులు చేసి, మడమ కింద చెయ్యి పెట్టి ఎత్తి, చెప్పు తొడిగింది.